సానీ కనుమకి తారు వేస్తే...

దక్షిణాఫ్రికా నుంచి లెసోతో వెళ్లే ఆ సరిహద్దు ఠాణా దగ్గర పాస్‌పోర్టు ఒక్కటీ సరిగ్గా ఉంటే చాలదు. బండి కూడా సరైనదై ఉండాలి. నాలుగు చక్రాలకీ ఇంజిను బలం అందే ఫోర్ బై ఫోర్ అయితేనే పైకి పోనిస్తారు. కోటి రూపాయల కారులో వచ్చినా సరే, అది మామూలు కారైతే వెనక్కి తిప్పుకోవాల్సిందే. ఇంతా చేస్తే అక్కడి నుంచి కొండపైన ఉన్న లెసోతో ఠాణా దాకా దూరం ఎనిమిది కిలోమీటర్లు. మన హైదరాబాద్‌లో కోఠీ నుంచి అమీర్‌పేట వెళ్లినంత. ట్రాఫిక్ లేదు, సిగ్నళ్లు లేవు. అయినా గంట దాకా పడుతుంది. వాన పడిందంటే ఎంతసేపో చెప్పలేం.

ఆ దారి పేరు సానీ పాస్. మన మాటలో చెప్పాలంటే సానీ కనుమ. ప్రపంచంలో గతుకుల రోడ్ల మీద బండి నడపడమే సరదాగా పెట్టుకున్నవాళ్లు జీవితంలో ఒక్కసారైనా వెళ్లాలనుకునే దారుల్లో ఇదొకటి. ఎత్తు చూస్తే మనవాళ్లకి పెద్దగా ఆనకపోవచ్చు. కొండ పాదం దగ్గర 1,544 మీటర్లు, శిఖరాన 2,876 మీటర్లు. లద్దాఖ్‌లో అయిదు వేల మీటర్లు దాటిన ఖార్దుంగ్‌లా ఎక్కి ఫొటో దిగి వచ్చినవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారిప్పుడు. కానీ ఇక్కడ లెక్క ఎత్తుది కాదు, వాలుది. కింద నుంచి పైకి 1,332 మీటర్ల తేడా. తిరుమల కొండ ఎత్తు మొత్తం కలిపినా సుమారు 850 మీటర్లే కదా! పైగా తిరుమలలో ఎక్కడానికో ఘాట్, దిగడానికో ఘాట్. రోడ్డు నున్నగా అద్దంలా ఉంటుంది. సానీలో ఎక్కేవాళ్లకీ దిగేవాళ్లకీ ఒకటే దారి. ఆ దారి నిండా రాళ్లు.

ఇంతకీ ఎక్కడుందిది? దక్షిణాఫ్రికాకి తూర్పువైపు క్వాజులు నటాల్ అని ఒక రాష్ట్రం. దానికి పడమటి హద్దుగా డ్రేకెన్స్‌బర్గ్ పర్వతాలు గోడ కట్టినట్టు నిలబడి ఉంటాయి. డచ్చి సంతతివాళ్లు మాట్లాడే ఆఫ్రికాన్స్ భాషలో దానికి అర్థం డ్రాగన్ కొండలు. జులూలు మాత్రం ఉఖాహ్లాంబా అంటారు. ఈటెలు వరసగా నిలబెట్టిన అడ్డుగోడ అని అర్థం. రెండింట్లో జులూల పేరే బాగా కుదిరిందనిపిస్తుంది నాకు. దాదాపు 18 కోట్ల ఏళ్ల కిందట పొరలు పొరలుగా పొంగిన లావా గట్టిపడితే ఏర్పడిన నల్లరాతి గోడ అది. ఆ గోడకి అవతల, పైన, మేడ మీద గదిలాగా ఒక దేశం ఉంది. అదే లెసోతో.

ఆ దేశం సంగతి చెప్పుకోకపోతే ఈ దారి సంగతి అర్థం కాదు. లెసోతోకి నాలుగు దిక్కులా దక్షిణాఫ్రికాయే. సముద్రం లేదు, మరో ఇరుగు పొరుగు లేదు. 1966 అక్టోబరు 4న బ్రిటిష్‌వాళ్ల నుంచి స్వాతంత్య్రం వచ్చింది. దేశం మొత్తం కొండల మీదే. అక్కడ అన్నిటికంటే పల్లపు చోటు కూడా సముద్ర మట్టానికి 1,400 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అలాంటి దేశం ప్రపంచంలో మరొకటి లేదు. అక్కడివాళ్లను బసోతోలు అంటారు. తూర్పున, అంటే సరిగ్గా ఈ గోడ అంచున, మోఖోట్లోంగ్ అనే జిల్లా ఉంది. రాజధాని మసేరు దానికి దేశంలో అవతలి కొసన. మధ్యలో అన్నీ కొండలే. బ్రిటిష్ హయాంలో ఆ సామ్రాజ్యం మొత్తమ్మీద అన్నిటికంటే ఒంటరి ఠాణాల్లో ఒకటని మోఖోట్లోంగ్‌కి పేరు. సొంత రాజధానికి వెళ్లడం కంటే గోడ దిగి పరాయి దేశంలో సరుకులు తెచ్చుకోవడమే వాళ్లకి సుళువు. ఆ గోడ దిగే సందే సానీ కనుమ.

మొదట అది కంచరగాడిదల దారి. ఉన్ని మూటలు కిందికి, మొక్కజొన్న పిండి బస్తాలు పైకి. మనిషి, జంతువు తప్ప చక్రం అన్నది ఎరగని దారి. అలాంటి చోట 1948లో గాడ్‌ఫ్రే ఎడ్మండ్స్ అనే ఆయన జీపు ఎక్కించాడు. రెండో ప్రపంచ యుద్ధంలో స్పిట్‌ఫైర్ విమానాలు నడిపిన మనిషి. గాల్లో పల్టీలు కొట్టినవాడికి కొండ మీద జీపు లెక్కేముంది అనుకుంటాం కానీ, ఆ జీపు ఒక్క ఇంజిను బలంతోనే పైకి చేరలేదనీ, బసోతో మనుషులు తాళ్లు కట్టి లాగి, వెనక నుంచి తోసి, రాళ్లు తప్పించి సాయపడ్డారనీ చెబుతారు. చరిత్రలో ఆయన పేరు మిగిలింది. తాడు పట్టినవాళ్ల పేర్లు మిగల్లేదు. ఇదేం కొత్త కాదు లెండి.

ఆ తర్వాత ఏడేళ్లకి, 1955లో, డేవిడ్ అలెగ్జాండర్ అనే యువకుడు మోఖోట్లోంగ్ మౌంటెన్ ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ పెట్టాడు. గాడిదలు మోసే సరుకు బళ్ల మీద మోయించడం మొదలుపెట్టాడు. అప్పటికి దాన్ని రోడ్డు అని పిలవాలంటే ధైర్యం ఉండాలి. వాన వచ్చినప్పుడల్లా దారి కొట్టుకుపోవడం, మళ్లీ రాళ్లు పేర్చుకోవడం. ఆ అనుభవాలన్నీ ఆయన తర్వాత పుస్తకంగా రాశాడు. దాని పేరు ‘సానీ పాస్: రైడింగ్ ది డ్రాగన్’. డ్రాగన్ మీద సవారీ అన్నమాట.

ఆ సవారీ ఎలా ఉంటుందో చూద్దాం. మ్కోమజానా అనే చిన్న నది లోయ వెంట దారి మొదలవుతుంది. మొదట్లో అంతా పచ్చగా, మన అరకు దారిలాగే అనిపిస్తుంది. సరిహద్దు ఠాణా దాటాక లోయ ఇరుకవుతుంది. తలెత్తి చూస్తే కొండ కొసన దారి మెలికలు కనబడతాయి. ఒకదాని మీద ఒకటి, దారప్పోగు కింద పారేసినట్టు. అక్కడికి బండి వెళ్తుందా అనిపిస్తుంది. వెళ్తుంది, డ్రైవరు తొందరపడకుండా ఉంటే.

ఫోర్ బై ఫోర్ బండిలో మామూలు గేరు రాడ్డు కాక మరొకటి ఉంటుంది. కొత్త బళ్లలో అయితే ఒక బటనో, గుండ్రటి మీటో. దాన్ని ‘లో రేంజ్’లో పెడితే బండి నత్తలా నడుస్తుంది. కానీ ఏనుగు బలం వస్తుంది. చక్రాలు మెల్లగా తిరుగుతాయి, తిరిగిన ప్రతిసారీ గట్టిగా తోస్తాయి. సానీ ఎక్కడానికి కావాల్సింది అదే. యాక్సిలరేటరు తొక్కితే కంకర మీద చక్రాలు గిర్రున తిరిగి, రాళ్లు వెనక్కి చిమ్మి, బండి మాత్రం అక్కడే ఉంటుంది. టైర్లలో గాలి కాస్త తగ్గిస్తారు. మెత్తబడిన టైరు రాయిని కరిచి పట్టుకుంటుంది, లోపల కూర్చున్నవాళ్ల నడుములకీ కాస్త ఉపశమనం. మళ్లీ తారు రోడ్డెక్కాక గాలి కొట్టించడం మరిచిపోకూడదు. పెద్ద రాయి ఎదురైతే దాన్ని రెండు చక్రాల మధ్యకి తీసుకుందామని చూస్తాం, సిటీలో గుంతల అలవాటుకొద్దీ. ఇక్కడ అలా చేస్తే రాయి బండి కడుపులో పొడుస్తుంది. చక్రాన్నే రాయి మీదికి ఎక్కించాలి. స్టీరింగు చక్రం లోపలికి బొటనవేళ్లు చుట్టి పట్టుకోవద్దని పాత డ్రైవర్లు చెబుతారు. ముందు చక్రం రాయికి తగిలి ఉన్నట్టుండి తిరిగితే స్టీరింగు కూడా గిర్రున తిరుగుతుంది. వేలు అడ్డుంటే అంతే సంగతులు.

పైకి వెళ్తున్నకొద్దీ గాలి పలచబడుతుంది. మనకి ఆయాసం వచ్చినట్టే బండికీ వస్తుంది. టర్బో లేని ఇంజినైతే శిఖరం చేరేసరికి దాని బలంలో దాదాపు పాతిక వంతు హరించుకుపోతుంది. సరిగ్గా అదే సమయానికి వాలు కూడా నిటారుగా మారుతుంది. మలుపులకి డ్రైవర్లు పెట్టుకున్న పేర్లు చూస్తేనే వాళ్ల బాధ తెలుస్తుంది. ఒకటి ఐస్ కార్నర్. ఎండ తగలని మలుపు కాబట్టి శీతకాలంలో అక్కడ నీళ్లు గడ్డకట్టి, చక్రం కింద గాజు పరిచినట్టుంటుంది. ఇంకొకటి సూయిసైడ్ బెండ్. మరొకటి ‘మొలల గుట్ట’. అవును, ఇంగ్లిషులో నిజంగానే ఆ జబ్బు పేరే పెట్టారు. ఆ కుదుపులకి ఎక్కడ నొప్పి పుడుతుందో వివరించనక్కర్లేదనుకుంటా.

మలుపు మధ్యలో ఇంజిను ఆగిపోయిందనుకోండి. కొత్తవాళ్లు భయంతో క్లచ్ నొక్కుతారు. క్లచ్ నొక్కగానే బండికీ ఇంజినుకీ సంబంధం తెగిపోయి, బండి వెనక్కి జారుతుంది. అనుభవజ్ఞులు ముందు బ్రేకు బిగించి, రివర్సు గేరు వేసి, ఆ గేరులోనే ఇంజిను స్టార్టు చేసి, తిన్నగా, మెల్లగా వెనక్కి దిగుతారు. మళ్లీ మొదలుపెడతారు. దిగేటప్పుడు ఇంకో సూత్రం. బ్రేకు మీద కాలు పెట్టి దిగితే అది వేడెక్కి పట్టు వదిలేస్తుంది, కంకర మీద చక్రం బిగుసుకుంటే బండి స్లెడ్జి బండిలా జారుతుంది. అందుకని లో రేంజ్, మొదటి గేరు. బండిని ఇంజినే పట్టి ఉంచుతుంది. ఎదురుగా బండి వస్తే ఎక్కేవాళ్లకే దారి ఇవ్వాలి. ఎక్కేవాడు ఆగితే మళ్లీ కదలడం కష్టం కదా. ఆ మర్యాద మన ఘాట్ రోడ్లలో కూడా ఉండేది, ఇప్పుడు హారను గట్టిగా కొట్టినవాడిదే దారి.

పక్కన లోయ, ముందు మలుపు, గుండెల్లో దడ. మీరు ఇలా ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఎక్కుతుంటే వెనక నుంచి ఒక తెల్ల టయోటా వ్యాను వచ్చి, మిమ్మల్ని దాటుకుని పోతుంది. నిండా జనం. నెత్తిన మూటలు. అది కూడా ఫోర్ బై ఫోరే, రోజూ తిరిగే షేర్ ట్యాక్సీ. లోపల ఒకావిడ చంటిబిడ్డని ఒళ్లో పెట్టుకుని కునుకు తీస్తుంటుంది. ఆవిడకిది సాహసయాత్ర కాదు. సంతకి వెళ్లొస్తోంది.

పైకి చేరాక మరో లోకం. చెట్టన్నది ఉండదు. గడ్డి, రాళ్లు, ఆకాశం. గుండ్రటి రాతి గుడిసెలు, గడ్డి కప్పులు. పొట్టి గుర్రాల మీద, ఒంటినిండా దళసరి ఉన్ని దుప్పటి కప్పుకుని వచ్చే కాపరులు. బసోతో దుప్పటి వాళ్లకి చొక్కా, కోటు, గొడుగు, పరువు అన్నీను. నెత్తిన శంకువు ఆకారంలో గడ్డి టోపీ. మొకొరొట్లో అనే ఆ టోపీ బొమ్మే వాళ్ల జాతీయ జెండా మీద కూడా ఉంటుంది. సరిహద్దు పక్కనే ఒక లాడ్జి, అందులో ఒక పబ్బు. 2,874 మీటర్ల ఎత్తున ఉన్న తమదే ఆఫ్రికాలో అన్నిటికంటే ఎత్తైన పబ్బు అని వాళ్లు చెప్పుకుంటారు. తాగనివాళ్లు కూడా అక్కడ కూర్చుని కిందికి చూస్తారు. తాము ఎక్కి వచ్చిన మెలికలన్నీ అక్కడి నుంచి కనబడతాయి మరి. అదృష్టం ఉంటే గడ్డపు రాబందు కూడా, మన కళ్లకంటే కింద ఎగురుతూ.

ఈ దారంట దిగే ఉన్నిని తక్కువ చేయకండి. అంగోరా మేకల బొచ్చుతో తీసే మోహెయిర్ ఉత్పత్తిలో ప్రపంచంలో దక్షిణాఫ్రికా మొదటిదైతే లెసోతో రెండోది. సూట్లకీ శాలువాలకీ వాడే ఆ మెత్తటి బొచ్చు ఇలాంటి గడ్డకట్టే కొండల మీద మేసే మేకలది. అన్నట్టు, ఈ మోఖోట్లోంగ్ జిల్లాలోనే లెట్సెంగ్ అనే వజ్రాల గని ఉంది. 2018లో అక్కడ 910 క్యారట్ల వజ్రం దొరికింది. అది మాత్రం ఈ రాళ్ల దారిలో వ్యానెక్కి దిగి ఉండదు!

ఇక అసలు గొడవ. ఈ దారికి తారు వేయాలా, వద్దా?

హైమ్‌విల్ ఊరి దగ్గర నుంచి శిఖరం దాకా మొత్తం 33 కిలోమీటర్ల రోడ్డును బాగుచేసే పథకం క్వాజులు నటాల్ రవాణా శాఖది. కింది 14 కిలోమీటర్లు తొలి విడతలో తారు రోడ్డయింది. దాని మీద ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఆ పై భాగం గురించే. అవతలివైపు లెసోతో ఎప్పుడో తన పని తాను చేసేసుకుంది. శిఖరం నుంచి మోఖోట్లోంగ్‌కి ఇప్పుడు చక్కటి తారు రోడ్డు. కింద తారు, పైన తారు, మధ్యలో ఈ రాళ్లు.

వద్దనేవాళ్ల మాటలో పస లేకపోలేదు. తారు పడితే మామూలు కార్లూ పెద్ద లారీలూ వస్తాయి. ఫోర్ బై ఫోర్ బళ్లలో యాత్రికుల్ని ఎక్కించి దింపి బతికే స్థానిక డ్రైవర్ల పొట్ట కొట్టినట్టవుతుంది. పబ్బు ముందు బస్సులు బారులు తీరితే ఇంత దూరం వచ్చి చూసేదేముంది? అది ఒట్టి కొండ కూడా కాదు. ఉఖాహ్లాంబా డ్రేకెన్స్‌బర్గ్‌ని యునెస్కో 2000లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. 2013లో లెసోతో వైపు ఉన్న సెహ్లాబథేబే పార్కును కూడా అందులో కలిపింది. ఆ గుహల్లో సాన్ అనే ఆదివాసులు గీసిన వేల బొమ్మలున్నాయి. కొండను తొలిచి రోడ్డు వెడల్పు చేస్తే దెబ్బ ఎక్కడెక్కడ తగులుతుందో ముందే చెప్పడం కష్టం. మంచు పడ్డప్పుడు నున్నటి రోడ్డు కంకర కంటే ప్రమాదమనే మాట కూడా ఉంది.

ఇవన్నీ నిజమే. కానీ ఈ వాదనలు చేసేవాళ్లలో ఎక్కువమంది సాయంత్రానికి కొండ దిగి, వేణ్నీళ్ల స్నానం చేసేవాళ్లు. ‘సహజ సౌందర్యం చెడుతుంది’ అనే మాట వినగానే నాకు మన మన్యమే గుర్తొస్తుంది. అల్లూరి సీతారామరాజు జిల్లాలోనూ పార్వతీపురం మన్యంలోనూ నిండు చూలాలిని డోలీ కట్టి, వాగులు దాటించి మోసుకొస్తున్న ఫొటో మన పేపర్లలో ఎన్నిసార్లు చూడలేదు? ఆ కొండలకి వారాంతంలో వెళ్లి ‘అబ్బ, ఇంకా రోడ్డు కూడా పడలేదు, ఎంత బాగుందో’ అనేవాళ్లు మనలోనూ ఉన్నారు. గతుకుల దారి ఒక్కసారి వచ్చిపోయేవాడికి జ్ఞాపకం. రోజూ తిరిగేవాడికి అది పిండి బస్తా ధర, ఆస్పత్రికి పట్టే సమయం, విరిగిన యాక్సిలు ఖర్చు. ఆ వ్యానులో కునుకు తీస్తున్నావిడని ఎవరైనా అడిగితే తారు వద్దంటుందని నేను అనుకోను.

అలాగని వేసెయ్యండి అనేసి చేతులు దులుపుకోవడానికీ మనసొప్పదు. కంకర రోడ్డు మీద ప్రతి వానకీ కొట్టుకుపోయే మట్టి ఆ నదిలోకే చేరుతోంది కాబట్టి, సరిగా కట్టిన రోడ్డు కొండకి మేలే చేయవచ్చు. సరిగా కట్టకపోతే ఇప్పటికంటే పెద్ద గాయం. నీళ్లు పోయే తూములు, వాలు పట్టి ఉంచే గోడలు, లారీల బరువు మీద పరిమితి... వీటి గురించి మాట్లాడుకోవాల్సిన చోట ‘సాహసం’, ‘అభివృద్ధి’ అని రెండు జట్లుగా విడిపోయి అరుచుకోవడం అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. డ్రైవర్ల ఉపాధి సంగతి కూడా తేలికది కాదు. రోడ్డుతో పాటు వాళ్లకి మరో దారి చూపించాల్సిందే.

రాళ్లు ఉండగానే చూడాలనుకునేవాళ్ల కోసం కొన్ని సంగతులు. దగ్గరి పెద్ద ఊరు డర్బన్. అక్కడి నుంచి కొండ పాదానికి రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. డర్బన్‌లో మీకు కొండల్రావులు, అప్పలనాయుళ్లు అనే ఇంటిపేర్లు వినబడితే ఆశ్చర్యపోకండి. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి చెరకు తోటలకి కూలీలను తెచ్చి దింపింది మొదలు, మన కోస్తా జిల్లాల నుంచి చాలామంది అక్కడికి చేరారు. వాళ్ల పిల్లలు 1931లో ఆంధ్ర మహాసభ కూడా పెట్టుకున్నారు. దారిలో పీటర్‌మారిట్స్‌బర్గ్ తగులుతుంది. 1893 జూన్ 7 రాత్రి గాంధీగారిని రైల్లోంచి దింపేసిన స్టేషను అదే. పది నిమిషాలు ఆగి చూడండి. అక్కడికి కాస్త ముందు, హోవిక్ దగ్గర, 1962 ఆగస్టు 5న మండేలాని పట్టుకున్న చోటు.

దక్షిణాఫ్రికా వీసా తీసుకునేటప్పుడు ఒకటికంటే ఎక్కువసార్లు ప్రవేశించే వీలున్నది అడగాలి. లెసోతోలో అడుగుపెట్టి వెనక్కి వచ్చినా, అది రెండోసారి దేశంలోకి రావడం కిందే లెక్క. లెసోతో వీసా నిబంధనలు బయల్దేరే ముందే కనుక్కోవాలి. అద్దె బండి అయితే సరిహద్దు దాటించడానికి ఆ కంపెనీ ఇచ్చిన ఉత్తరం దగ్గరుండాలి. ఇంకోమాట. మన ఊళ్లలో ఈమధ్య ఎక్కడ చూసినా థార్ లాంటి ఎత్తు బళ్లే. వాటిలోనూ వెనక చక్రాలకి మాత్రమే బలం అందే రకాలున్నాయి. చూపుకి ఎంత గంభీరంగా ఉన్నా సానీ ఠాణా దగ్గర అలాంటిది చెల్లదు. అందుకే పిల్లలూ పెద్దవాళ్లూ వెంట ఉంటే, సొంతంగా నడిపే మోజు పక్కనపెట్టి, అండర్‌బర్గ్‌లోనో హైమ్‌విల్‌లోనో స్థానిక డ్రైవరున్న బండి మాట్లాడుకోవడమే మంచిది. రోజూ ఎక్కి దిగే చేతులవి. నవంబరు నుంచి మార్చి దాకా మధ్యాహ్నం దాటితే ఉరుములతో వాన. జూన్ నుంచి ఆగస్టు దాకా మంచు, ఐస్ కార్నర్. ఏప్రిల్, మే నెలల్లో ఆకాశం తేటగా ఉంటుంది. పొద్దున్నే ఎక్కండి. పైన కూర్చుని టీ తాగుతూ టైము చూసుకోవడం మరిచిపోవద్దు, సరిహద్దు గేటు సాయంత్రం ఆరింటికి మూసేస్తారు.